హద్దుల షెడ్యూలు

లింకు దస్తావేజు గోధుమరంగు తిరిగిపోయింది,
మడత మడత దగ్గరా చిల్లు.
వెలుతురుకి ఎత్తిపట్టి చదివాను:
"చెన్నపురి రాజధాని, విశాఖపట్నం జిల్లా..."
ఆ రోజుల్లో రాజధాని అంటే ఊరు కాదు,
దొరల ఏలుబడి ఎంత మేర ఉంటే అంతా రాజధానే.
ఆ లెక్కన
పైల తవుడమ్మ డెబ్బై సెంట్ల మెట్టు
ఒకప్పుడు రాజధానిలోనే ఉండేది.
గోగు పండేది.

రాజాం సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదర
రేకుల షెడ్డులో ముప్పయ్యారేళ్ళుగా రాస్తున్నాను.
శ్రీకాకుళం జిల్లా అని ఎన్ని వేలసార్లు రాశానో,
శ్రీ కింద రావత్తుని పక్క అక్షరం దాకా సాగదీయడం
ఈ వీధిలో నాకొక్కడికే వచ్చిన విద్య.
ఉగాది వెళ్ళిన సోమవారం
ఆఫీసు బోర్డు మీద పచ్చిరంగు వాసన.
మాది విజయనగరం జిల్లా అట.
ఎవరూ సామాను సర్దలేదు, బండి కట్టలేదు,
రాత్రి పడుకున్న మంచం మీదే లేచి
ఇంకో జిల్లాలో పళ్ళు తోముకున్నాం.

తవుడమ్మ మనవరాలికి రాసిస్తోంది.
కుర్రాడు కంప్యూటర్లో పాత ఫార్మాటు తెరిచి
ఒక్క మీట నొక్కాడు,
శ్రీకాకుళం ఉన్న చోటల్లా విజయనగరం వచ్చి కూర్చుంది.
స్టాంపు కాగితం వేడివేడిగా బయటికొచ్చింది.
నేను పైకి చదువుతున్నాను,
ఆవిడ గొంతుక్కూర్చుని వింటోంది.
"తూర్పు: విజయనగరం పోవు రోడ్డు..."

"ఆగు బాబూ.
ఆ రోడ్డు సికాకులం ఎల్తాది.
మా మావ గోగు కట్టలు అటే తోలీవోడు.
ఇంతలో ఎటు తిరిగిపోనాది?"

కుర్రాడు నవ్వాడు. నేను కాగితం కింద పెట్టాను.
మొన్న అర్జీ పట్టుకుని శ్రీకాకుళం వెళ్తే
మీది మా జిల్లా కాదమ్మా అని పంపేశారట,
అప్పట్నుంచీ దాచుకున్న మాట ఇప్పుడడిగింది,
ఎందుకు మార్చినారూ అని.

చెప్పాను.
పార్లమెంటు సీటు లెక్క అన్నాను.
కలెక్టరు దగ్గరవుతాడన్నాను
(బస్సు టిక్కెట్టు సంగతి ఎత్తలేదు).
కుమిలిలో మట్టికోట వదిలి రాజులే విజయనగరం వచ్చారన్నాను,
ముఖలింగంలో కూర్చుని కళింగం ఏలినోళ్ళు కటకం పోయారన్నాను,
మదరాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి,
ఒకటా మూడా అని మధ్యలో తగువు,
మడుస్తూ మడుస్తూ
ఏ వేలి దగ్గరున్నానో నాకే తెలీలేదు.

అంతా విని
"అయితే దానికీ బిడ్డలు దక్కలేదేటి?" అంది.

ఆవిడకి ముందు ముగ్గురు. ముగ్గురూ పురిట్లోనే పోయారు.
నాలుగో గుంట పుట్టగానే చేటలో పడుకోబెట్టి
చేరెడు తవుడుకి మంత్రసానికి అమ్మేశారు.
చావొచ్చి ఆ ఇంట్లో వెతికింది.
గుమ్మంలో తవుడుంది. పిల్ల లేదు.
అలా డెబ్బై నాలుగేళ్ళు.

"పేరు మార్చడవంటే అదే గదా బాబూ.
ఎవుడో ఎతుక్కుంటా వస్తన్నాడని బయం.
నేకపోతే బాగున్నదాన్ని ఎవుళు మారుస్తారు?"

నా దగ్గర జీవో నంబరుంది. జవాబు లేదు.
"నీకు ముందు ఏం పేరు అనుకున్నారమ్మా?"
"అనుకోడానికి టైమేదీ."

పెన్ను మూత తీసి విజయనగరం కొట్టేసి
పైన రాశాను: శ్రీకాకుళం పోవు రోడ్డు.
చాన్నాళ్ళకి రావత్తు సాగింది,
పక్క అక్షరాన్ని దాటి కూడా కొంచెం పోయింది.
పక్కన పొట్టి సంతకం.

"ఇక పడమర?"
"గొర్లెవోళ్ళ చెక్క.
ఆళ్ళు అమ్మీసి ఎల్లిపోయి ముప్పయ్యేళ్ళయింది గానీ
గొర్లెవోళ్ళ చెక్కే.
అలగే రాయి."